బండి నడుము వంచిన ఓబులేసు

ఓబులేసు లేడని ఫోనులో విన్నప్పుడు నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే నాతో తనివితీరా పోట్లాడినవాడు, మా వాదం తేలకముందే పోవడమేమిటి? గుండె ఆగిందన్నారు. మడకశిర రోడ్డులోని అతని షెడ్డుకు నేను చేరేసరికి శవాన్ని ఇంకా బయటికి తేలేదు. చావుకు కారణాన్ని మాత్రం ఊరు అప్పటికే తేల్చేసింది. బండి వెనకభాగాన్ని కుంగదీశాడు గనక చచ్చాడట.

ఈ వ్యాసం ఆ మాటకు జవాబు. కన్నీళ్లు తర్వాత.

ఓబులేసు లారీ మెకానిక్కు. మా హేతువాద సభల్లో అందరికంటే పెద్ద గొంతు అతనిది. చేతిలో మైకు ఉన్నా లేనట్టే మాట్లాడేవాడు. వినయమనేది అతని ఒంట్లో లేదు. తన పనిని తానే పొగుడుకునేవాడు. స్పానరు పట్టిన ప్రతిసారీ ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో షెడ్డు అదిరేలా చెప్పేవాడు. ఇల్లూ షెడ్డూ ఒకే రేకుల కింద ఉండటంతో, వినేవాళ్లు ఎవరూ లేనప్పుడు వంటింట్లోని భార్య నాగరత్నకు ఆ పాఠం తప్పేది కాదు.

ఆయుధపూజ నాడు రోడ్డు పొడుగునా షెడ్లవాళ్లు దిష్టి తీసి గుమ్మడికాయలు పగలగొడితే, ఇతను చీపురు పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడేవాడు. బైకు మీద వచ్చేవాళ్లు ఆ ముక్కల మీద జారిపడతారని అతని బాధ. “మీ బండికి తగలాల్సిన దిష్టి ఎవరి మోకాలికి తగిలిస్తాండారప్పా?” అని ఊడుస్తూనే తిట్టేవాడు. తిట్లు తిన్నవాళ్లే మర్నాడు ఇంజను బాగుచేయించుకోవడానికి అతని దగ్గరికే వచ్చేవారు.

సర్కారు వేలంలో కొన్న పాతకాలం పికప్పు ట్రక్కు ఒకటి అతనికి ప్రాణం. గుండ్రటి దీపాలు, పొడుగాటి మూతి, లారీకి ఉన్నట్టే వెనక బరువు మోయడానికి ఇనుప పట్టీలు పేర్చిన కమాన్ కట్టలు. ప్రతి గురువారం చుట్టుపక్కల ముసలివాళ్లను అందులో సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. ఫ్లోరైడు నిండిన బోరునీళ్లు తాగి తాగి మోకాళ్లు వంకరపోయినవాళ్లు వాళ్లంతా. బండి తొట్టి వాళ్ల నడుమెత్తు ఉండేది. మగవాళ్లు చంకల కింద చేతులు వేసి వాళ్లను పైకెత్తి కూర్చోబెట్టేవారు.

షెడ్డు వెనక వీధిలోనే ఈరమ్మ ఉంటుంది. బతుకంతా గొర్రెలు మేపిన మనిషి. ఒక గురువారం, ఎత్తబోయిన చేతుల్ని ఆమె చేతికర్రతో కొట్టింది. “నన్నెత్తొద్దప్పా. శెనిక్కాయల మూటనా నేను? నీ బండినే కొంచెం వంగమను” అంది. అందరూ నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. మరుసటి రోజే బండి జాకీ మీదికెక్కింది.

మొదట తప్పు చేశాడు. కమాన్ కట్టల్లోంచి కొన్ని పట్టీలు తీసేశాడు. బండి కుంగింది నిజమే, కానీ మనుషులు ఎక్కాక గుంత తగిలిన ప్రతిచోటా ఇరుసు లేచి పైనున్న ఛాసిస్ చట్రాన్ని గుద్దింది. “ఎక్కేది సులువు చేసినావు గానీ, దిగేతప్పుడు నా ఎముకలు ఏరుకోవాల్సొస్తాండాది” అని ఈరమ్మ దారి పొడుగునా అతన్ని ఏడిపించిందట. ఈ కథను సభల్లో అతనే చెప్పి అందరికంటే ముందు తానే నవ్వేవాడు.

తర్వాత పట్టీలన్నీ తిరిగి వేశాడు. ఆ బండికి ఇరుసు కింద, కట్ట పైన ఉండేది. దాన్ని తిరగేసి, ఇరుసును కట్ట మీదికి తెచ్చాడు. ఇరుసు పైకి ఆడటానికి ఛాసిస్‌లో చంద్రవంకలా చోటు కోశాడు. కోసినచోట బలం తగ్గకుండా పక్క షెడ్డు మస్తాన్ చేత మందపాటి ఇనుము వెల్డింగు చేయించాడు. పొట్టి షాకబ్జార్లు బిగించాడు. బండి వెనకభాగం అర అడుగు దిగింది. తొట్టి వెనక తలుపు కింద ఒక మెట్టు వచ్చింది. ఈరమ్మ చేతికర్రను తొట్టిలోకి విసిరి, తనంతట తాను ఎక్కి కూర్చుంది. ఓబులేసు బస్సు కండక్టరులా ఊరంతా వినబడేలా “రైట్” అని అరిచాడు. ఆనాటి నుంచి ఆమె ఎక్కిన ప్రతిసారీ ఆ అరుపు ఉండేది. “మనిషిని ఎత్తేది గొప్ప గాదు, మనిషి ఎక్కేతట్ల చెయ్యల్ల” అనేవాడు సభల్లో.

మా సీమలో బండి వెనక ఎత్తుగా నిలబడటం పరువు. బండలు మోసే లారీకి పట్టీ మీద పట్టీ చేర్చి, మోయలేనంత బరువు నింపి, టైరు పగిలి ఎవరైనా చస్తే దాన్ని విధి అంటారు. ముసలామె ఎక్కడానికి బండిని అర అడుగు దించితే అరిష్టం అంటారు. ఇదేం న్యాయం?

ఓబులేసు పోయిన మర్నాడే, అతని అన్నయ్య ఒక వాస్తు పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. బండికి నైరుతి కుంగిందని ఆయన తేల్చాడు. బండి మలుపు తిరిగితే నైరుతి కూడా తిరుగుతుంది కదా అని అడిగాను. ఇంటి ముందు నిలిపినప్పటి దిక్కే లెక్క అన్నాడు. ఇంటి పెద్దను మింగిన బండి ఇంకో ప్రాణం అడుగుతుందనీ, ఓబులేసు కొడుకుకు గండం ఉందనీ చెప్పాడు. నాగరత్న తలూపింది. ఆమెను నేను తప్పుపట్టను. మొగుణ్ణి సాగనంపిన ఇంట్లో నిలబడి, కొడుకు పేరు చెప్పి ఆమెను బెదిరించినవాణ్ణి తప్పుపడతాను. చిన్నకర్మ కాకముందే ఇరుసును మళ్లీ కట్ట కిందికి తోయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు.

నిజం చెప్పాలి. ఓబులేసును బండి చంపలేదు. బీడీ చంపింది. ఛాతీలో నొప్పని నాతోనే ఎన్నోసార్లు అన్నాడు. ప్రతి గురువారం అందరినీ ఆసుపత్రి లోపలికి పంపి, తాను మాత్రం గేటు బయట బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. ఊరందరి మూఢత్వాన్నీ ఊడ్చినవాడు తన దాన్ని జేబులో పెట్టుకు తిరిగాడు. అతని మీదా నాకు కోపమే. ఈ కోపం ఇక ఎవరి ముందు వెళ్లగక్కాలి?

తర్వాతి గురువారం మస్తాన్ బండి తీశాడు. ఈరమ్మ వచ్చి, లేచిన తొట్టిని చూసింది. ఇద్దరు చేతులు చాపారు. ఆమె వెనక్కి తిరిగి, కర్ర పొడుచుకుంటూ ఇంటికి పోయింది. గడపలో నిలబడిన నాగరత్న ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసింది.

“రాన్నా, బండి దించుదాం” అంది నాతో.

భయం పోయిందా అని అడిగాను.

“యాడ పోతాది? ఉండాది. అయినా ఆ యమ్మ అట్ల తిరిగి పోయింది సూసినాంక, నా భయం కోసం ఆమెను నిలబెట్టేది తప్పనిపించినాది.”

ఎట్లా దించాలో నాకు తెలియదన్నాను. “నాకు తెలుసన్నా. ఆయప్ప అరవకుండా చేసిన పని ఏదుండాది?” అంది.

చేతులు మస్తాన్‌వి, మాటలు ఆమెవి. జాకీని నమ్మొద్దు, ఛాసిస్ కింద దిమ్మె పెట్టు. బోల్టులన్నీ ఒకేతూరి బిగించొద్దు, అటొకటి ఇటొకటి బిగించు. అచ్చం ఓబులేసు మాటలే, గొంతు మాత్రం చిన్నది. అడ్డుకోవడానికి వచ్చిన అతని అన్నతో, “బావా, స్పానరన్నా పట్టుకో, పక్కకన్నా జరుగు” అంది. ఆయన పక్కకు జరిగాడు.

మరుసటి గురువారం ఈరమ్మ మెట్టు మీద కాలు పెట్టి, కర్రను లోపలికి విసిరి, ఎక్కి కూర్చుంది. మస్తాన్ ఇంజను స్టార్టు చేశాడు కానీ గేరు వేయలేదు. ఎందుకు ఆగాడో అందరికీ తెలుసు. నాగరత్న నా వైపు చూసింది. ఎన్నో సభల్లో అరిచిన గొంతు నాది. ఆ ఒక్క మాట పైకి రాలేదు. ఓబులేసు లేకపోవడమంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది.

చివరికి ఈరమ్మే కర్రతో తొట్టిని కొట్టి తానే అంది.

“రైట్.”