పార్లరక్క చేతులు

పార్లరక్క ఊరికే కూర్చోగా ఎవరూ చూడలేదు. తన బ్యూటీ పార్లర్లో కుర్చీ ఖాళీగా ఉంటే అద్దాలు తుడుస్తుంది, కత్తెరలు సర్దుతుంది. ఆరోజు పిల్లల కోసం వెళ్లిన ఆస్పత్రిలో స్కానింగ్ బల్ల మీద పడుకున్నా ఆమె వేళ్లు దుప్పటి అంచును మడతపెడుతూనే ఉన్నాయి. పోయినసారి గర్భసంచి లోపలి పొర పలచగా ఉందని, ల్యాబ్‌లో తయారుచేసిన పిండాన్ని లోపల ఉంచకుండానే పంపేశారు. “ఈసారి పొర బాగా ఎదిగిందమ్మా. ఇక ఇంకో మందు మొదలుపెడదాం. అది పనిచేశాక కొద్దిరోజులే గర్భసంచి పిండాన్ని పట్టుకోగలదు. అప్పుడే లోపల ఉంచుతాం,” అంది డాక్టరు.

“ఆ రోజులు దాటిపోతేనో? నేనేం చెయ్యాలి మేడమ్?”

“మందు వేసుకోండి, అంతే. మిగతాది మీ చేతుల్లో లేదు.”

బయట భర్త ఆత్రంగా లేచి, “ఏమన్నారు?” అన్నాడు. “మందేసుకుని ఆగమన్నారు,” అంటూ అతని చొక్కా గుండీ పెట్టింది, విప్పింది, మళ్లీ పెట్టింది. అతను ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆమె వాటిని వెనక్కి తీసుకోకుండా, అతని పక్కన ఊరికే కూర్చుంది.