కల్లాంగ్‌లో మలేషియా స్టాండు: అక్క పంపిన టికెట్లు

సింగపూర్‌లోని జురాంగ్ వెస్ట్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఉండే అప్పన్న అంకుల్‌కు డెబ్బై ఏళ్లు. తువాస్ షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. ఆయన అక్క రమణమ్మ గారు పెళ్లయ్యాక కాజ్‌వే వంతెన దాటి, మలేషియాలోని జొహోర్‌లో స్థిరపడ్డారు. కోవిడ్ కాలంలో ఆ వంతెన మూసేసినప్పుడు ఆవిడ భర్త చనిపోయారు. అంకుల్ వెళ్లలేదు. అప్పటినుంచి అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు. అలాంటిది, కల్లాంగ్ స్టేడియంలో జరిగే సింగపూర్, మలేషియా ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ఆవిడ కూతురి చేత రెండు టికెట్లు పంపించారు. రెండూ మలేషియా అభిమానుల స్టాండులో, ఆవిడ పక్క సీట్లే. ఒక్కరే వెళ్లడానికి జంకి, అంకుల్ నన్ను తోడు రమ్మన్నారు.

శనివారం నాలుగున్నరకు బూన్ లేలో రైలెక్కాం. పాయా లెబార్‌లో సర్కిల్ లైనుకు మారి స్టేడియం స్టేషన్లో దిగేసరికి ఐదూ ముప్పావయింది. మనిషికి రెండు డాలర్ల పైచిలుకు ఛార్జీ. దారిలో అంకుల్ పాత సంగతులు చెప్పారు. వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి నేవీ బేస్‌లో పనిచేశారట. దేశాలు విడిపోయాక కూడా సింగపూర్ జట్టు చాలా ఏళ్లు మలేషియా రాష్ట్రాలతో కలిసి ఒకే కప్పు కోసం ఆడేదట. జనం బస్సులు మాట్లాడుకుని కౌలాలంపూర్ వెళ్లేవారట. ఇప్పటికీ రెండు దేశాల జాతీయగీతాలూ మలయ్ భాషలోనే ఉన్నాయి, రెండు వైపులా రిఫరీని తిట్టే మాట కూడా ఒకటే: ‘కాయు’, అంటే కొయ్య.

“ఒకింటోళ్లం కాబట్టే ఇంత పంతం, అమ్మా. ముక్కూ మొహం తెలీనోళ్ల సేతిలో ఓడిపోతే రెండ్రోజుల్లో మర్సిపోతాం” అన్నారు.

స్టేడియం పక్కన ఆరు డాలర్లు పెట్టి నాసి లెమాక్ కొన్నాను. అంకుల్ కొబ్బరి అన్నం ఒక్క ముద్ద తిని పక్కన పెట్టేశారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆవిడ టికెట్ చూసి, ఆయన పలకరింపులో సింగపూర్ యాస విని ఆగింది. “అంకుల్, దిస్ సైడ్ మలేషియా లా. ష్యూర్ ఆర్ నాట్?” అని ఇక్కడి ఇంగ్లీషులో అడిగింది. లోపల మా అక్క ఉందని చెప్పి ఆయన ముందుకు నడిచారు.

రమణమ్మ గారు మలేషియా జట్టు పసుపురంగు జెర్సీ చీర మీదే తొడుక్కుని కూర్చున్నారు. తమ్ముణ్ణి చూసి కాళ్లు పక్కకు జరిపి దారిచ్చారు, అంతే. ఏడున్నరకు ఆట మొదలైంది. చుట్టూ డప్పులు, అరుపులు. వాళ్లిద్దరూ మాత్రం బంతి వెంటే చూపులు తిప్పుతున్నారు. ఈ చోట ఎవరైనా గొడవ పడతారేమోనని నేను వెనక వరసలు చూస్తూ కూర్చున్నాను.

విరామం తర్వాత సింగపూర్ గోల్ కొట్టింది. అంకుల్ తెలియకుండానే చేతులెత్తి లేచి నిలబడ్డారు. అంత పెద్ద స్టాండులో నిలబడింది ఆయనొక్కరే. డప్పులు ఆగిపోయాయి. వెనక వరసలోని ఒకతను లేచి, ఆయన భుజం మీద చెయ్యి వేసి మలయ్‌లో గట్టిగా ఏదో అన్నాడు. నేను అడ్డం వెళ్లేలోపే రమణమ్మ గారు లేచి, ఆ చెయ్యి తీసేసి, ఇతను నా తమ్ముడు అని మలయ్‌లోనే చెప్పారు. అతను ఆవిడ జెర్సీ వైపు చూసి, తగ్గి కూర్చున్నాడు.

అంకుల్ అక్క వైపు తిరిగారు. “అప్పా,” అన్నారు, వాళ్లింట్లో అక్కను అలాగే పిలుస్తారు. “బావ పోయినప్పుడు రావలసింది. సావుకని పర్మిషనిస్తారంట గానీ, తిరిగొచ్చాక పద్నాలుగు రోజులు గదిలో పెట్టేస్తారంటే బయపడిపోయాను.”

ఆవిడ మైదానం వైపే చూస్తూ చెప్పారు: “నువ్వొస్తావని మద్దేనం దాకా ఎత్తనివ్వలేదురా.”

అంకుల్ తల వంచుకుని ఏడ్చారు. ఆవిడ ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకున్నారు. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా మలేషియా గోల్ వేసి స్కోరు సమం చేసింది. స్టాండంతా ఒక్కసారిగా లేచింది. రమణమ్మ గారు లేవలేదు. ఆ గోల్ ఆవిడ చూడనే లేదు.

అంత జనంలో కూర్చుని కూడా నాకు ఆ మ్యాచ్ సగమే గుర్తుంది. ఈ రెండు జట్ల పోటీ గురించి ఎన్నో కథలు విన్నాను గానీ, ఒక సరిహద్దు మూతపడితే ఒక ఇంట్లో ఏమవుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. తమ్ముడి కోసం మధ్యాహ్నం దాకా శవాన్ని ఎత్తనివ్వని ఆ ఇంటి గుమ్మం మాత్రం, నేను చూడకపోయినా, కళ్లముందు నుంచి కదలడం లేదు.

మీరు వెళ్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆట అయ్యాక స్టేడియం స్టేషన్ దగ్గర క్యూ విపరీతంగా ఉంటుంది. పావుగంట నడిస్తే కల్లాంగ్ స్టేషన్ వస్తుంది. అక్కడినుంచి జురాంగ్ వైపు రైలు మారకుండా రావచ్చు.