వచ్చినవి, రానివి

మా అక్క ఇరవై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసింది. ఆ ఉద్యోగం వదిలి వార్డు సభ్యురాలిగా గెలిచి మూడేళ్లయినా జనం ఇప్పటికీ టిక్కెట్టక్క అనే పిలుస్తారు. గొంతూ మారలేదు. పక్కనున్న మనిషితో మాట్లాడినా వెనక సీటు దాకా వినిపించాల్సిందే.

గెలిచిన నెల నుంచీ ప్రతి ఒకటో తారీఖున వార్డులో ఇంటింటికీ ఒక కాగితం పంచుతుంది. అచ్చువేసేది నేనే. ప్రెస్సున్న తమ్ముణ్ని కదా, తప్పించుకోలేను. కాగితం మధ్యలో గీత. ఎడమవైపు "వచ్చినవి", కుడివైపు "రానివి". వీధి దీపాలు, నీళ్ల పైపులు, సమావేశాలు, అన్నీ ఏదో ఒక వైపు పడాలి. మిగతా సభ్యులు రంగుల ఫొటోలతో పుస్తకాలు వేయించుకుంటారు. వాటిలో రానివి ఉండవు. మావాళ్లు మాత్రం కాగితం చేతికి రాగానే కుడివైపే ముందు చదువుతారు. అక్క మీద అక్కే చాడీలు చెప్పుకుంటుంటే ఎవరికి చేదు?

పోయిన నెల ఎడమవైపు నాలుగే పడ్డాయి, కుడివైపు ఆరు. కాలమ్‌లు ఎగుడుదిగుడుగా ఉంటే నాకు ఒళ్లు మంట. ఆ ఆరింటిలో ఒకటి, మా వీధి చివరి మెట్లకి ఇనుప రెయిలింగు.

"వెల్డరు ఎల్లుండి బిగిస్తానన్నాడుగా అక్కా. పంచేసరికి వచ్చేసి ఉంటుంది. ఇటువైపు వేసేస్తా."

"రాకపోతే?"

"వస్తుందిలే. ఐదూ ఐదూ ఎంత బాగుంటాయో చూడు."

అక్క వార్డువాళ్లు పుస్తకాలు, పేపర్లు చదువుకునే కొత్త చదువుల గది పనుల్లో తలమునకలై ఉంది. "సరే, నీ ఇష్టం" అనేసింది. నా మాట అక్క వినడం అదే మొదలు.

వెల్డరు జ్వరంతో పడ్డాడు. రెయిలింగు అతని షెడ్డులోనే ఉండిపోయింది. ఆ సంగతి మాకు తెలిసింది ఒకటో తారీఖు సాయంత్రం. కాగితాలు పొద్దున్నే ఇళ్లకి చేరిపోయాయి. అక్క నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "టీచరుగారు చదివేసుంటారురా" అంటూ చెప్పులు వేసుకుంది.

లెక్కల టీచరుగారిది ఆ మెట్ల పైన చివరి ఇల్లు. మా ఇద్దరికీ ఎక్కాలు నేర్పింది ఆవిడే. ఏడాది కిందట ఆ మెట్ల మీదే పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. రెయిలింగు వచ్చేదాకా దిగనని భీష్మించుకు కూర్చున్నారు. ఐదింటికి మెట్ల కింద చదువుల గది తెరుస్తున్నామని కూడా అదే కాగితంలో వేశాం.

మేం పరుగున వెళ్లేసరికి ఆవిడ ఇస్త్రీ బట్టలు కట్టుకుని పైనుంచి మూడో మెట్టు మీద ఉన్నారు. ఒక చేతిలో మా కాగితం. దూరం చూపు సరిగా ఆనదు. రెండో చెయ్యి గాల్లో ఇనుప గొట్టం కోసం తడుముతోంది.

"టీచరుగారూ, కదలకండి. రెయిలింగు రాలేదు" అని అక్క కింది నుంచే కేకేసింది. "కాగితంలో తప్పు పడింది. తప్పు నాది."

"నీ కాగితంలోనా?" ఆవిడ గొంతులో భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "కాస్త కిందనుంచి మొదలవుతుందేమో అనుకున్నా."

"ఇంట్లోకి తీసుకెళ్తానండీ."

"ఏడాదికి బయటపడ్డాను. వెనక్కి వెళ్లను."

చదువుల గది కోసం వచ్చిన జనం కింద గుమిగూడి ఉన్నారు. అక్క వాళ్ల వైపు తిరిగింది. "ముందుకు జరగండి. పైకి రండి. మెట్టుకొకరు, అందరూ ఒకే పక్క. చేతులు చాపండి. ఫోన్లు జేబుల్లో పెట్టండి."

మందుల షాపావిడ, పోస్టుమాన్, ఆఖరికి మా బావ కూడా వరసలో నిలబడ్డారు. మనుషులు చాలకపోతే, పైన పని అయిపోయినవాళ్లు దిగొచ్చి కింద మళ్లీ నిలబడ్డారు. "రైట్, రైట్" అంది అక్క. టీచరుగారు కదిలారు. చేతిని బట్టి మనిషిని పోల్చుకుంటూ, పిల్లల చదువులు అడుగుతూ, తీరిగ్గా దిగారు.

నా చెయ్యి పట్టుకుని ఆగారు. నేనిక ఉండబట్టలేక, "తప్పు అక్కది కాదండీ. రెండు వైపులా సమానంగా ఉండాలని నేనే వేశాను" అన్నాను.

"చిన్నప్పుడూ అంతేగా. జవాబు సరిపోవాలని అంకెలు మార్చేవాడివి" అని నవ్వి, కింది మెట్టుకి వెళ్లారు.

చదువుల గదిలో మొదటి కుర్చీ ఆవిడదే. సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి, రెయిలింగుని ఎడమవైపు కొట్టేసి కుడివైపు రాశారు. కాసేపు ఆలోచించి, "వచ్చినవి" కింద ఇంకొక మాట రాసి కాగితం అక్క చేతికిచ్చారు.

"నేను" అని ఉంది.

అక్క దాన్ని అందరికీ చదివి వినిపించబోయింది. పక్కనున్న నాకు మాత్రమే వినిపించింది.