నొప్పి తెలియని చెయ్యి

పెద్ద తుఫాను వెళ్ళిన రెండో కార్తీకంలో, ఒక సోమవారం సాయంత్రం, హారతి ఇస్తూ చెయ్యి కాల్చుకున్నాను. కాలినట్టు నాకు తెలియలేదు. కమురు వాసన వస్తే ఎవరి పంచె అంచుకో నిప్పంటిందేమోనని చుట్టూ చూశాను. ఎదురుగా కూర్చున్న భద్రం గారు గబుక్కున లేచి నా చేతిలోని ఇత్తడి పళ్ళెం లాక్కున్నారు. కుడి అరచేతి అంచున, చిటికెన వేలి కింద, చర్మం బొబ్బలెక్కి ఉంది.

"నొప్పి లేదాండీ?" అని అడిగేరాయన.

లేదన్నాను. నిజంగానే లేదు. ఆయన వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టారు. వద్దని వారించాను గానీ, లోపల ఎంత పొంగిపోయానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

నేను సఖినేటిపల్లి రేవులో, గోదావరి దాటించి నర్సాపురం చేర్చే పంటు దగ్గర టిక్కెట్లు ఇచ్చేవాణ్ణి. సోమవారాలు మా అరుగు మీద పదిమందిమి చేరి శివాద్వైతం చెప్పుకునేవాళ్ళం. రాజోలులో బడిపంతులు చేసి రిటైరైన మా గురువుగారు మొదలుపెట్టిన అలవాటది. ఉన్నదంతా శివుడే, ఈ లోకం భ్రమ కాదు, ఆ చైతన్యమే వేసుకున్న రూపం అనేవారాయన. తానెవరో మరిచిపోయి చిన్నవాణ్ణనుకుంటున్న శివుడే మనిషి, గుర్తుపట్టుకుంటే చాలు అనేవారు. టిక్కెట్టు అందుకునే ప్రతి చెయ్యీ శివుడి చెయ్యే అనుకోమని నాకు ప్రత్యేకంగా చెప్పారు. కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. ఎక్కువ రోజులు సైకిళ్ళ వాళ్ళతో తగువులాడాను. ఆయన పోయాక చెప్పే పని నా మీద పడింది.

చెయ్యి కాలినా తెలియకపోవడం నా సాధన ఫలమనుకున్నాను. భద్రం గారు ఆ మాట ఊరంతా చెప్పారు. నేనూ రెండు మూడు సోమవారాలు దేహాభిమానం వదలడం గురించే మాట్లాడాను. అప్పటికే నా కుడి ముంజేతి మీద పాలిపోయిన మచ్చ ఉంది. పొద్దున్నే రెండు చేతులకీ మూడేసి విభూతి రేఖలు పెట్టుకునే అలవాటు నాది. అవి సరిగ్గా ఆ మచ్చ మీదే పడేవి. ఒకసారి తలంటు రోజున మా ఆవిడ సత్యవతి అదేమిటని అడిగితే, విభూతికి చర్మం పొడిబారిందిలే అన్నాను.

వేసవికి చిటికెన వేలూ ఉంగరం వేలూ ముడుచుకోవడం మొదలైంది. టిక్కెట్టు చింపలేకపోయేవాణ్ణి. పుస్తకం రెండుసార్లు చేతిలోంచి జారి గోదాట్లో పడబోయింది. అప్పుడు వెళ్ళాను అమలాపురం, స్కిన్ డాక్టరు దగ్గరికి.

డాక్టరుగారు కళ్ళు మూసుకోమని, దూదితో తాకుతాను, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. అవునన్నట్టు ఆయ్, ఆయ్ అంటూ వచ్చాను. కాసేపటికి ఆపేశారనుకుని, అయిపోయిందా అని అడిగాను.

"ఈ మచ్చ మీద ఇప్పటికి ఆరుసార్లు తాకేనండి" అన్నారాయన.

మోచేతి వెనక నొక్కి, చిటికెన వేలి దాకా వెళ్ళే నరం, అల్నార్ నెర్వ్, లావెక్కిందన్నారు. చెవి తమ్మె దగ్గర కొంచెం గీరి పరీక్షకి స్కిన్ స్మియర్ తీశారు. వారం తర్వాత వెళితే, లెప్రసీ అన్నారు. పూర్తిగా తగ్గిపోయే జబ్బే, ఎం.డి.టి. అనే మాత్రలు పన్నెండు నెలలు వాడాలి, మందులు ఉచితం, మొదలుపెట్టాక ఇంకొకరికి అంటదు అని నిదానంగా చెప్పారు. చివర్లో, నొప్పి లేదని ఇన్నాళ్ళూ ఊరుకున్నారా అని అడిగారు. సాధన సంగతి ఆయనకి చెప్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అంతా చైతన్యమే అని చెప్పేవాడి ఒంటి మీదే అరచెయ్యంత మేర చైతన్యం లేదు. మరి అక్కడ శివుడున్నాడా, లేడా? అడగడానికి గురువుగారు లేరు.

సత్యవతికి ఒక్క మాటలో చెప్పాను. ఆవిడ ఏదో అనబోయింది, వినకుండా వెళ్ళి నా కంచం, గ్లాసు, చాప తెచ్చుకుని అరుగు మీద పెట్టుకున్నాను. అంటదని డాక్టరు చెప్పినా పెట్టుకున్నాను. మాత్రలకి నెమ్మదిగా ఒళ్ళు నల్లబడింది. నెలనెలా అమలాపురం ఎందుకు వెళుతున్నానో ఎవరికో తెలిసింది, ఎవరికో తెలిస్తే అందరికీ తెలిసినట్టే. సోమవారాలకి ఒక్కొక్కరూ మానేశారు. కొబ్బరి దింపులతో తీరిక లేదని భద్రం గారు కబురు పంపారు. రేవులో టిక్కెట్ల పని మరొకరికిచ్చి, నన్ను షెడ్డులో కూర్చోమన్నారు. అక్కడ నా చేతినుంచి ఏదీ అందుకునేవాళ్ళు లేరు. వాళ్ళని తప్పుపట్టలేదని రాయాలని ఉంది. పట్టాను.

ఆరో నెలలో మచ్చలు ఎర్రగా ఉబ్బాయి, జ్వరం వచ్చింది, మోచెయ్యి పట్టుకుంటే ప్రాణం పోయేది. ఈ జబ్బులో కొందరికి మధ్యలో వచ్చే రియాక్షన్ అన్నారు డాక్టరుగారు. మందు ఆపొద్దని చెప్పి స్టెరాయిడ్ రాశారు. లేదని గొప్పలు చెప్పుకున్న నొప్పి అంతా ఒకేసారి వచ్చింది. శివుడూ గుర్తులేడు, గురువుగారూ గుర్తులేరు. అమ్మా అని అరిచాను.

ఆ మధ్యాహ్నం సత్యవతి తన కంచంలోనే ఇద్దరికీ అన్నం కలుపుకొచ్చి నా చాప మీద కూర్చుంది. దూరం జరగబోయాను.

"సోమవారం సోమవారం రెండు లేవని చెప్పేరు కదండీ. ఈ ఇంట్లో రెండో కంచం పెట్టింది మీరేనండి. నేనెప్పుడన్నా దూరంగా ఉండమన్నానా?"

తాను తక్కువవాణ్ణని అనుకోవడమే మనిషికి పట్టిన మొదటి మురికి అని గురువుగారు చెప్పేవారు. ఆ మాట పదిమందికీ విడమరిచి చెప్పాను, నాకు చెప్పుకోలేదు. ఆవిడ పెట్టిన ముద్ద తిన్నాను. కన్నీళ్ళకి ఉప్పెక్కువైంది.

కోర్సు పూర్తయి ఏళ్ళు గడిచాయి. జబ్బు పోయింది. రెండు వేళ్ళు మాత్రం వంకరగానే ఉండిపోయాయి, మచ్చ దగ్గర స్పర్శ తిరిగి రాలేదు. భద్రం గారు రోడ్డు మీద కనబడితే బాగున్నారా అండీ అంటారు, అరుగెక్కరు. సోమవారాలు నేనొక్కణ్ణే కూర్చుంటాను. కొన్నిసార్లు ఎవరైనా వస్తారేమోనని వీధి వైపు చూస్తాను కూడా.

మీకు చెప్పేది ఒకటే. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ గిల్లినా తెలియకపోతే, నొప్పి లేదు కదా అని సంతోషించకండి. వెంటనే డాక్టరుకి చూపించుకోండి. ఇప్పటికే స్పర్శ పోయి ఉంటే, రోజుకోసారి చేతులూ కాళ్ళూ కళ్ళతో చూసుకోండి, తగిలిన గాయం దానంతటది చెప్పదు.

మా ఇంట్లో ఆ పని దీపం పెట్టే వేళ జరుగుతుంది. సత్యవతి నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బొబ్బలున్నాయేమో చూస్తుంది. తర్వాత డాక్టరుగారిలా కళ్ళు మూసుకోమని, వేలితో అక్కడక్కడా తాకుతుంది. తెలిసినప్పుడల్లా ఆయ్ అంటాను. నిన్న సాయంత్రం ఆయ్ అనే పని లేక చాలాసేపైంది. పొయ్యి మీద పాలు చూడ్డానికి లేచి వెళ్ళిందనుకుని కళ్ళు తెరిచాను. తన వేలు మచ్చ మీదే ఉంది.