అన్న ఎంచిపెట్టిన కెమెరా

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. చిన్నప్పుడు జ్వరం తగ్గకపోతే మా అమ్మ దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించేది. నేను ఇంటికొచ్చి దాన్ని విప్పి మాత్ర వేసుకునేదాన్ని. చదివింది జంతుశాస్త్రం, చేసేది రొయ్యల ల్యాబులో పని. కంటికి కనబడనిది ఉందంటే మైక్రోస్కోపు కింద పెట్టి చూపించమంటాను. అందుకే ఇది రాయాలా వద్దా అని చాలాకాలం ఆగాను. పోయిన ఏడాది జరిగింది జరిగినట్టే చెబుతాను. నమ్మమని ఎవరినీ అడగను.

తోటపల్లి గూడూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలు వేసిన రైతుల దగ్గరికి వెళ్లి, రొయ్యకు ఏం జబ్బు వచ్చిందో చూడటం నా ఉద్యోగం. పొద్దున్నే స్కూటీ మీద గట్ల వెంట తిరుగుతాను. రొయ్యను అరచేతిలో పెట్టుకుని మొప్పలూ పెంకూ ఫోటో తీసి నెల్లూరులో ఉండే మా పెద్దసారుకు పంపుతాను. రొయ్యను గుంటలో ఉంచాలా, వెంటనే పట్టి అమ్మేయాలా అనేది ఆయన ఆ ఫోటో చూసే చెబుతారు. ఫోటో మసకగా ఉంటే ఒక రైతు పంట మొత్తం పోవచ్చు.

ఆ పనికి ఫోను పనికిరాదు. తడి వేలు పెడితే తెర పలకదు. ఎండలో ఏమీ కనబడదు. ఉప్పుగాలికి ఛార్జింగ్ పెట్టేచోట తుప్పు పడుతుంది. పైగా నా కుడిచేతి చూపుడువేలు వంగదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో గుంట నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ రెక్కకు తగిలి నరం తెగిపోయింది. ఏది నొక్కాలన్నా మధ్యవేలితోనే.

మా అన్న మస్తాన్ ఫోటోగ్రాఫర్. ముత్తుకూరులో చిన్న స్టూడియో ఉండేది. కృష్ణపట్నం పోర్టులో పనికి చేరబోయేవాళ్లు చాలామంది గుర్తింపు కార్డు ఫోటోకు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. పెళ్లిళ్లకు కూడా తీసేవాడు. కిడ్నీలు పాడయ్యాక స్టూడియో మూసేశాడు. డయాలసిస్‌కు నెల్లూరు వెళ్లిరావడం, మంచం మీద పడుకోవడం, అంతే ఆయన బతుకైపోయింది.

నా ఫోను రెండోసారి గుంటలో పడ్డప్పుడు ఆయన నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది.

“ఏంది మే, మళ్లా ముంచినావా? ఫోను మాట్లాడేదానికి. నీ పనికి కెమెరా కావాల. ఉండు, నేను ఎంచిపెడతా.”

ఆ రోజు నుంచి ఆయనకు ఒక పని దొరికింది. మంచం మీద పడుకునే కెమెరాల వీడియోలు చూసేవాడు. నేను సాయంత్రం వెళ్లేసరికి చెప్పడానికి ఏదో ఒకటి సిద్ధంగా ఉండేది. నాకేమో ఆయన పెళ్లిళ్లకు వాడినలాంటి పెద్దది, లెన్సులు మార్చేది కావాలని ఉండేది. “అది పెళ్లికి మే. గట్టు మీద లెన్సు మార్చేలోపల కడుపులోకంతా ఉప్పు పోతాది” అన్నాడు. లెన్సు బయటికి పొడుచుకు రాకుండా లోపలే ఉండే చిన్న కెమెరా చాలట. దూరానివి దగ్గరగా చూపించకపోయినా ఫరవాలేదు, అరచేతిలో ఉన్న రొయ్య మీద మచ్చ తేటగా పడాలట. తడి పెంకు మీద ఫ్లాష్ కొడితే మెరుపే తప్ప మచ్చ కనబడదు కాబట్టి లెన్సు చుట్టూ మెత్తని దీపం ఉండాలట.

ఒకరోజు వదిన చేత సబ్బు బిళ్ల తెప్పించి, నీళ్లలో తడిపి, నన్ను కళ్లు మూసుకుని పట్టుకోమన్నాడు. నా మధ్యవేలు ఎక్కడ ఆనిందో అక్కడ గోటితో గీత పెట్టాడు. “నొక్కేది ఈడ ఉండాల. ఇంకెవురికో సరిపొయ్యేది మనకొద్దు” అన్నాడు. రంగు కూడా ఆయనే తేల్చేశాడు. “పసుపుది తీసుకో. నల్లది గుంటలో పడితే దేవుడికి గూడా కనపడదు.”

కానీ ఏ కెమెరా అనేది మాత్రం చెప్పలేదు. చేత్తో పట్టుకోకుండా కెమెరా కొనకూడదన్నది ఆయన పట్టుదల. “కొంచెం నెమ్మదించినాక ఇద్దురం నెల్లూరికి పోదాం. చేతులు తడుపుకోని అన్నీ పట్టుకోని చూద్దాం” అనేవాడు.

నెమ్మదించలేదు. వానలు మొదలైన వారంలో ఆస్పత్రిలోనే పోయాడు. ముత్తుకూరులో నాన్న పక్కనే పూడ్చాం.

ఆ తర్వాత నేను కెమెరా ఊసెత్తలేదు. పాత ఫోనుతోనే నెట్టుకొచ్చాను. వేసవి వచ్చేసరికి గుంటల్లో తెల్లమచ్చ తెగులు మొదలైంది. నేను పంపిన ఫోటోల్లో మచ్చ ఏదో, వెలుతురు ఏదో తెలియడం లేదని పెద్దసారు విసుక్కున్నారు. ఒకరోజు మధ్యాహ్నం ఇక తప్పదని నెల్లూరు బస్సెక్కాను. దారంతా కళ్లలో నీళ్లు ఆగలేదు. పక్కన కూర్చున్నామె, కండ్లలో దుమ్ము పడిందా అమ్మా అని అడిగింది.

నేను అనుకున్న షాపు మూసి ఉంది. అటూ ఇటూ చూస్తూ నడుస్తుంటే పక్క సందులో ఇంకో కెమెరాల షాపు కనిపించింది. ఆ షాపు పేరు కూడా నేను అంతకు ముందు వినలేదు. నేను అక్కడికి వెళ్తానని నాకే తెలియదు. ఈ సంగతి ముఖ్యం.

లోపల గల్లా దగ్గర ఓనరు, కౌంటర్‌లో లావణ్య అనే అమ్మాయి ఉన్నారు. నీళ్లలో పడినా పాడవని కెమెరాలు చూపించమన్నాను. ఆమె ముందు ఒక నల్లది తీసిచ్చింది. నేను దాన్ని పట్టుకుని మధ్యవేలితో నొక్కాను. ఆమె నా చెయ్యి చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

“రొయ్యల పని చేసేది మీరేనా మేడమ్?”

అవునన్నాను. ఆమె నవ్వి, కౌంటర్ కింద నుంచి ఒక డబ్బా తీసి నా ముందు పెట్టింది.

“మీ అన్న పొద్దున వచ్చి ఇది పక్కన పెట్టించి పొయినాడు. మా చెల్లెలు వస్తాది, రొయ్యల పని చేస్తాది, చూపుడేలు వంగదు, ఇది ఇయ్యమ్మా అన్నాడు.”

డబ్బాలో ఉన్నది పసుపు కెమెరా. లెన్సు చుట్టూ దీపం ఉంది.

నాకు మొదట వచ్చింది భయం కాదు, చిరాకు. ఎవరిదో నాకు ఇస్తున్నారనుకున్నాను. ఆ వచ్చినాయన చూడటానికి ఎలా ఉన్నాడని అడిగాను.

“సన్నంగా ఉండాడు మేడమ్. ఎడమ చేతిని ఇట్ట పొట్టకు ఆనించుకోని, ఆ స్తంభం పక్కన కుర్చీలో కూర్చోనుండాడు. చేతులు తడుపుకోవాల, నీళ్ల బక్కెట్టు తెమ్మన్నాడు. ఉండేవన్నీ తడిచేత్తో పట్టుకోని చూసినాడు. మంచినీళ్లిస్తే పెదాలు తడుపుకోని గ్లాసు తిరిగిచ్చేసినాడు.”

డయాలసిస్ చేయించుకునేవాళ్లకు సూదులు గుచ్చే చెయ్యి ఒకటి ఉంటుంది. దానికి ఏదీ తగలకుండా కాచుకుంటారు. నీళ్లు కూడా కొలిచినట్టే తాగాలి. అన్న అలాగే పెదాలు తడుపుకునేవాడు. ఇవేవీ నేను ఆ అమ్మాయికి చెప్పలేదు.

నా ఫోనులో మా పిన్ని కూతురి పెళ్లి ఫోటో ఉంది. ఇంటివాళ్లందరూ వరసగా నిలబడి ఉన్నది. ఎవరినీ చూపించకుండా ఫోను ఆమె చేతికిచ్చాను. ఆమె తడుముకోకుండా అన్న మీద వేలు పెట్టింది.

“ఈయనే. ఇప్పుడు ఇంకా తగ్గిపొయినాడు.”

“ఆయన లేడమ్మా” అన్నాను. “పోయిన వానల్లోనే పోయినాడు.”

ఆమె ఫోను కౌంటర్ మీద పెట్టేసి ఓనరు వైపు చూసింది. ఓనరు లేచి వచ్చాడు. ఆయన పెద్దమనిషి, ఎగతాళి చేయలేదు. లావణ్య పనిలో చేరి రెండు వారాలు కూడా కాలేదన్నాడు. ఆ కెమెరా ముందురోజు వచ్చిన సరుకులోదన్నాడు. అంటే అన్న బతికుండగా వచ్చి చెప్పి వెళ్లే అవకాశమే లేదు. పొద్దున ఓనరు బ్యాంకుకు వెళ్లాడట, షాపులో అమ్మాయి ఒక్కతే ఉందట.

సీసీ కెమెరాలో పొద్దున పడింది చూపించమని నేనే అడిగాను. అందులో లావణ్య ఒక్కొక్క కెమెరా తీసుకుని స్తంభం వైపు వెళ్లడం ఉంది. బకెట్ పట్టుకెళ్లడం ఉంది. నిలబడి మాట్లాడటం, మధ్యలో నవ్వడం ఉంది. గ్లాసు తీసుకెళ్లి, దాదాపు నిండుగానే వెనక్కి తేవడం ఉంది. కుర్చీ మాత్రం స్తంభం చాటున పడింది. వాకిలి వైపు ఉన్న కెమెరా కొన్నాళ్లుగా పనిచేయడం లేదట.

ఆ పసుపు కెమెరా తీసుకుని ఇంటికి వచ్చాను. పట్టుకుంటే మధ్యవేలు దానంతటదే సరైన చోట ఆనింది. పరీక్షకని అన్న ఏమైనా తీశాడేమోనని లోపలంతా వెతికాను. ఒక్క ఫోటో కూడా లేదు.

మా వదిన ఖాసింబీకి చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఆమె కెమెరాను చేతిలో తిప్పి చూసి, “ఇది ఆయన చెప్పిందే కదా మే. ఎవురు ఎంచినారు?” అని అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. అంతా విని కెమెరాను నా ఒళ్లో పెట్టేసింది.

“నీకోసం వచ్చినాడు. నా కాడికి రాలేదే” అంది.

ఆస్పత్రిలో రాత్రింబవళ్లు ఆయన్ను చూసుకున్నది ఆమె. నేను సాయంత్రాలు వచ్చి కూర్చుని పోయేదాన్ని.

మర్నాడే నన్ను షాపుకు తీసుకెళ్లమంది. ఓనరును అడిగి ఆ స్తంభం పక్కన కుర్చీలో కూర్చుంది. కొంగు తల మీదికి లాక్కుని, ఎదురుగా గోడను చూస్తూ అలాగే ఉండిపోయింది. జనం వచ్చారు, కొనుక్కున్నారు, వెళ్లారు. లావణ్య టీ తెచ్చిపెడితే చల్లారిపోయింది. దీపాలు వేసే వేళకు, ఇక పోదాం వదినా అన్నాను. ఆమె లేచి లావణ్య దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది.

“పాపా, ఒక్క మాట చెప్పు. ఆయన కాళ్లు వాచుండాయా?”

చివరి నెలల్లో అన్న కాళ్లు నీరు పట్టి నేల మీద ఆనేవి కావు. వదిన రోజూ ఒళ్లో పెట్టుకుని ఒత్తేది. చెప్పులు కూడా పట్టేవి కావు. బట్ట చుట్టి కారెక్కించేవాళ్లం.

లావణ్య కాసేపు గుర్తు చేసుకుంది.

“లేదక్కా. బూట్లేసుకోనుండాడు. పొయ్యేటప్పుడు వంగి లేసు కట్టుకోని, గబగబా మెట్లు దిగిపొయినాడు.”

వదిన ఆ అమ్మాయి చెయ్యి వదల్లేదు. అక్కడే నిలబడి ఏడ్చింది. అన్న పోయిన రోజు కూడా ఆమె అంతగా ఏడవలేదు.

లావణ్య ఎవరినో చూసి పొరబడిందని అనుకోవడానికి నేను చాలా ప్రయత్నించాను. ఒక్కొక్క సంగతికి ఏదో ఒక కారణం దొరుకుతుంది, అన్నీ కలిపితే మాత్రం ఏ కారణమూ సరిపోదు. ఆ పొద్దున ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ రోజు ఇంటికి పోతూ బస్సులో వదిన కిటికీకి తల ఆనించుకుని, నాతో కాదు, తనలో తానే అనుకుంది.

“బూట్లు పట్టినాయంట.”