ప్రార్థన పాకలో నేనొక్కదాన్నే

రంగూన్‌లో ముసల్మానుల ఇంట పుట్టి పెరిగిన నేను నిరుడు దొనకొండ స్టేషన్లో పనిచేసే అన్న దగ్గరకు వచ్చాను. ఒంటరిగా గడప దాటితే తిరుగు ఓడ ఎక్కిస్తానన్నాడు అన్న. నాకేమో ఊరి చివర క్రైస్తవుల పాకలో వినిపించే పాటల మీదే మనసు.

ఒక ఆదివారం అన్న డ్యూటీకి వెళ్ళగానే, బురఖా లేకుండా రైలు కట్ట వెంట ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను. రంగూన్‌లో మా పక్కింటి దొరసాని ఎప్పుడూ తల కప్పుకునేది కాదు. క్రైస్తవులంతా అంతేననుకుని కొంగు భుజం మీదే ఉంచి చాప మీద కూర్చున్నాను.

పాస్టరు ప్రార్థన మొదలుపెట్టగానే ఆడవాళ్ళందరూ కొంగులు తల మీదికి లాక్కున్నారు. నేను నిర్ఘాంతపోయాను.

పక్కనున్న ముసలమ్మ మోచేత్తో పొడిచింది. "ఏందమ్మే, దేవుని ముందర అట్ల కూచుంటావా?"

నాకు కోపం తన్నుకొచ్చింది. "మీ మాదిరి ఉందామనే బురఖా తీసేసి వచ్చినా, అవ్వా" అన్నాను గట్టిగా.

పాకంతా నా వైపు తిరిగింది. నన్ను వెళ్ళగొడతారని, సాయంత్రానికి అన్నకు తెలిసిపోతుందని భయపడి లేవబోయాను.

"సాయిబుల పిల్లవా? సర్లే, కప్పుకొని కూచో" అంటూ ముసలమ్మే నా కొంగు సర్దింది.

ఎవరైనా చెప్పేలోగా ఇంటికెళ్ళి నేనే అన్నకు చెప్పేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. కానీ ఒకటే అడిగాడు.

"తల మీద కొంగుండెనా?"

"ఉండె" అన్నాను. అన్న మళ్ళీ ఓడ మాట ఎత్తలేదు. నాకు కోపం రావాలో నవ్వు రావాలో ఇప్పటికీ తేలలేదు.