చేతులు వెనక్కి కట్టుకున్న మెకానిక్

మొన్న కూరగాయల షాపు ముందు కారు ఆపి దిగగానే ముక్కుకు పాకం వాసన తగిలింది. బెల్లప్పాకం కాదు, పొయ్యి మీద మరిచిపోయిన పంచదార పాకం. నాలుగు బళ్ల అవతల ఒక పాత పికప్ ట్రక్కు ముందు మూత ఎత్తి ఉంది, ఆవిరి లేస్తోంది. రేడియేటర్‌లో పోసే కూలెంట్ కాలితే అలాగే తియ్యగా ఉంటుంది. ఆ వాసన వచ్చిందంటే నాకు వీర్రాజు బాబాయిగారు పక్కన నిలబడ్డట్టే ఉంటుంది.

ఆయన నాకు చుట్టం కాదు. అమెరికాలో, ప్లేనో ఊళ్లో మా ఎదురింటి శిరీషకు తండ్రి. రాజమండ్రిలో బస్సు డిపో మెకానిక్‌గా చేసి రిటైరై, కూతురి దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చారు. రాకముందే గుండెకు ఆపరేషన్ అయింది. "నాన్నా, స్పానర్ పట్టుకున్నావంటే ఆ రోజే టికెట్ బుక్ చేసి పంపించేస్తా," అని శిరీష ముందే చెప్పింది. అందుకని ఆయన బయటికి వస్తే చేతులు రెండూ నడుము వెనక కట్టుకునే తిరిగేవారు. చూసినవాళ్లు పెద్దమనిషి తరహా అనుకునేవారు. అసలు సంగతేమిటంటే, ఆ చేతులకు ఆయనే కాపలా.

నేనేమో ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. మా ఆయన ఇక్కడ ఒక హోటల్‌లో వంటకు కుదిరితే వెంట వచ్చాను. నాకు బాగా చేతనైంది దోసె. పాత డీజిల్ వ్యాన్ ఒకటి కొని, లోపల పెనాలు బిగించుకుని, ఫంక్షన్లకు వెళ్లి అక్కడికక్కడ వేడిగా పోసి పెట్టడం మొదలుపెట్టాను. అన్నీ చిన్నా చితకా పుట్టినరోజులే. ఏడేళ్ల క్రితం ఒక శనివారం మాత్రం సీమంతం మొత్తం నా చేతికిచ్చారు. సరిగ్గా గురువారం సరుకులు తెస్తుంటే వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. ఇంజన్ కాగగానే తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదిలే చిన్న తలుపు ఉంటుంది, థర్మోస్టాట్ అంటారు. అది మూసుకుపోయింది. దాని మీది మూతేమో తుప్పుతో అతుక్కుపోయింది. బలవంతం చేస్తే పగులుతుంది, బుధవారం తీసుకురా అన్నాడు గ్యారేజ్ అతను. బుధవారం దాకా సీమంతం ఆగుతుందా? మొదటి పెద్ద పనికే రాలేనంటే ఇక నన్నెవరు పిలుస్తారు?

బండిని ఆపి ఆపి ఇంటికి తెచ్చుకున్నాను. దారిలో కొత్త థర్మోస్టాట్ కొనుక్కున్నాను. పాతది ఊడివస్తే కదా. ఇంజన్ చల్లారాక ఇంట్లోంచి అట్లకాడ తెచ్చి మూత అంచు కింద దూర్చబోయాను. రోడ్డు అవతలి నుంచి కేక వినబడింది.

"ఆగమ్మా. అది అట్టు కాదు తిరగెయ్యడానికి."

చేతులు వెనక్కి కట్టుకునే రోడ్డు దాటి వచ్చి, వంగి చూశారు. "అల్యూమినియం ఇది. అప్పడంలాగా ఇరుగుద్ది. తుప్పు వదిలే నూనె కొట్టి పొద్దున దాకా వదిలెయ్. నీ తొందర దానికేం తెలుసు?"

"మీరు కాస్త చెయ్యి వెయ్యండి బాబాయిగారూ."

"చెయ్యేస్తే మా అమ్మాయి నన్ను విమానం ఎక్కిచ్చేద్ది. నోరు వాడొద్దని మాత్రం అన్లేదు."

శుక్రవారం పొద్దున్నే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వస్తూనే, "పప్పు నానబోశావా?" అన్నారు.

"బండి సంగతి తేలకుండా ఎలా పోస్తానండి?"

"పోసెయ్. అది నానేలోగా ఇది వస్తది."

మధ్యాహ్నానికి రుబ్బకపోతే శనివారానికి పిండి పులవదు. ఆయన మాట మీద భారం వేసి గంపెడు మినప్పప్పు నానబోసి వచ్చాను. కింద బేసిన్ పెట్టించి కూలెంట్ వంపించారు. మూతకు రెండు బోల్టులు. స్పానర్ తగిలించి విప్పబోతుంటే, "ముందు బిగించు," అన్నారు.

"విప్పాలి కదండీ?"

"ఇప్పాలంటేనే. ఎంట్రుకవాసి బిగించు, తుప్పు అక్కడ తెగుద్ది. అప్పుడిప్పు. ఏవంటందో నాకు చెప్పు."

అలా అడగడానికి కారణం ఉంది. ఏళ్ల తరబడి ఇంజన్ల పక్కన ఉండి ఆయన చెవులు దెబ్బతిన్నాయి. గట్టిగా మాట్లాడితే వినబడేది కానీ సన్నటి చప్పుళ్లు పోయాయి. చెవితోనూ చేత్తోనూ బళ్లు బాగుచేసిన మనిషికి ఆ రోజు ఆ రెండూ నేనే.

"కిర్రుమందండి."

"మంచిది. మళ్లీ కాస్త బిగించు, కాస్త ఇప్పు. బతిమాలాలి దాన్ని."

బోల్టులు రెండూ వచ్చాయి. మూత మాత్రం కదల్లేదు. దాని మీద మరిగిన నీళ్లు పోయించి, పప్పుగుత్తి తెచ్చి చుట్టూ తట్టమన్నారు. "కర్రయితే దెబ్బ తగుల్తది, గాయం తగల్దు." ఠక్కు ఠక్కుమని రాయిని కొట్టినట్టే ఉంది. మళ్లీ నీళ్లు, మళ్లీ తట్టడం. లోపల పప్పు ఉబ్బుతోంది, బయట మూత బిగుసుకునే ఉంది. నాలుగోసారి ఎడమపక్క తట్టినప్పుడు చప్పుడు మారింది. బాగా కాలిన కుండను వేలితో మీటినట్టు పలికింది.

"ఇంకో నాలుగు తగిలించు," అన్నారు.

"వద్దండి. వదిలేసింది."

"కదల్లేదు కదే అమ్మాయ్."

"నాకు వినబడింది బాబాయిగారూ."

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు. "అయితే నీదే మాట. తిప్పు."

రెండు చేతులతో పట్టి తిప్పాను. చిన్న బీట కూడా లేకుండా, కుంకుమ భరిణె మూతలాగా చేతిలోకి వచ్చేసింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అప్పుడే శిరీష గుమ్మంలోకి వచ్చి, "నాన్నా, ఏం చేస్తున్నావ్ అక్కడ?" అంది.

ఆయన రెండు చేతులూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూపించారు. "చూస్కోవే. గోళ్లలో మసుంటే ఒట్టు. మెకానిక్ ఆవిడ." గడ్డంతో నా వైపు చూపించారు. నా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. అప్పటిదాకా ఎవరికైనా నేను ఫలానావారి భార్యనే.

కొత్తది బిగించి, కూలెంట్ నింపి, చేతులు మూడుసార్లు తోముకుని పిండి రుబ్బాను. శనివారం ఆయన నా పక్కసీటులో కూర్చుని దారి పొడుగునా ఆ ముల్లునే చూశారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా, "ఏవంటంది?"

"ఏమీ అనట్లేదండి."

"అంటే కులాసాగా ఉన్నట్టు."

ముల్లు మధ్యగీత దాటలేదు. దోసెలు అంచులు లేచి జల్లెడల్లా వచ్చాయి. సీమంతం పిల్ల నాలుగు తిని ఐదోదానికి పళ్లెం పట్టింది. ఆ వచ్చినవాళ్లలోనే ముగ్గురు తర్వాత నన్ను పిలిచారు. బాబాయిగారు రాజమండ్రి వెళ్లిపోయారు, రెండేళ్ల క్రితం కాలం చేశారు. వ్యాన్ ఇంకా తిరుగుతోంది. ఆ మూత మళ్లీ రెండుసార్లు నేనే తీశాను, ముందు బిగించే.

మొన్న ఆ పికప్ దగ్గర ఒక అమెరికన్ ఆవిడ చేతికి తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతోంది. "ఆగమ్మా," అన్నాను, తెలుగులోనే. భాష తెలియకపోయినా ఆగింది. చల్లారనివ్వమని నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి పక్కనే నిలబడ్డాను. అరగంట పైనే గడిచాక, నువ్వు తీస్తావా అని అడిగింది.

"నువ్వే తియ్యి, మెల్లగా," అన్నాను. "ఏమంటోందో నాకు చెప్పు."

అప్పుడు చూసుకున్నాను. నా రెండు చేతులూ నడుము వెనక కట్టుకుని ఉన్నాయి.